జలుబు, ఫ్లూ: ఇంటి వైద్యం ఎంతవరకు?

చలిగాలులు మొదలవగానే మన ఇళ్లలో తుమ్ములు, దగ్గులు వినిపిస్తాయి. వ్యాధితోపాటు దాని చికిత్సను కూడా అల్లాహ్ ఏర్పరచాడన్నది మన విశ్వాసం. కనుక మందు వాడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అయితే ఇంటి వైద్యం ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ ఆగాలో కూడా మనం తెలుసుకోవాలి.

వంటింట్లోని ఉపశమనం

మామూలు జలుబు సాధారణంగా వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఇంటి చిట్కాలు వ్యాధిని నిర్మూలించవు, బాధను తగ్గిస్తాయి. గ్లాసుడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే గొంతునొప్పి నెమ్మదిస్తుంది. అల్లం టీ, యఖ్నీ, పలుచని గంజి శరీరానికి కావలసిన నీటిని అందిస్తాయి. హజ్రత్ ఆయిషా (రజి) రోగులకు బార్లీతో చేసిన తల్బీనాను సూచించేవారని హదీసు గ్రంథాల ద్వారా తెలుస్తోంది. జీర్ణశక్తి మందగించిన రోగికి అది తేలికైన ఆహారం.

తేనెలోని స్వస్థతను దివ్య ఖుర్‌ఆన్‌లోని నహ్ల్ సూరా 69వ ఆయతు ప్రస్తావిస్తోంది. పడుకునే ముందు చెంచాడు తేనె ఇస్తే పిల్లల దగ్గు తగ్గుతుందని నేటి వైద్యులూ అంగీకరిస్తున్నారు. కాని ఏడాది నిండని పసివారికి తేనె నాకించరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవులు వారి లేత పేగులలో ప్రమాదకరమైన విషాన్ని పుట్టించవచ్చు. తహ్నీక్‌కైనా తేనె వద్దు. దైవప్రవక్త (స) ఆచరణలో ఉన్నది ఖర్జూరమే.

మేము నేర్చుకున్న గుణపాఠం

కొన్నేళ్ల క్రితం మా మదరసా వసతిగృహంలో ఎనిమిదేళ్ల విద్యార్థికి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. మిరియాల కషాయం, కలోంజి ఇచ్చాము. దుఆ చదివి ఊదాము. రేపటికి తగ్గుతుందిలే అనుకుంటూ మూడు రోజులు గడిపాము. నాలుగవ రాత్రి ఆయాసంతో ఆ బిడ్డ మాట కూడా పూర్తిచేయలేకపోయాడు. ఆసుపత్రికి తీసుకువెళ్లగా న్యుమోనియా అన్నారు. అల్లాహ్ దయవల్ల కోలుకున్నాడు. అతని తల్లి మమ్మల్ని నిందించలేదు. "ముందే ఒక్క కబురు పంపవలసింది, మౌలానా సాబ్" అని మాత్రం అన్నది. ఆ మాట నేటికీ మమ్మల్ని వెన్నాడుతోంది. లోపం కలోంజిలో లేదు, దుఆలో లేదు. మా ఆలస్యంలో ఉంది.

ఎప్పుడు కదలాలి?

మూడు రోజులు దాటినా జ్వరం దిగకపోయినా, శ్వాస వేగంగా ఆడుతున్నా, రొమ్ములో నొప్పి ఉన్నా, బిడ్డ నీళ్లు తాగకపోయినా, మగతగా పడివున్నా ఆలస్యం చేయరాదు. వృద్ధులు, గర్భిణులు, ఉబ్బసం, మధుమేహం ఉన్నవారు ఇంకా ముందుగానే వైద్యుణ్ణి కలవాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు మింగరాదు. అవి జలుబును, ఫ్లూను కలిగించే వైరస్‌లపై పనిచేయవు. తుమ్మేటప్పుడు ముఖాన్ని కప్పుకోవడం సున్నత్. దానివల్ల తోటివారికీ రక్షణ కలుగుతుంది.

ఒంటెను కట్టివేసిన తర్వాతే అల్లాహ్‌పై భారం వేయాలని మన పిల్లలకు బోధిస్తాము. రోగి మంచం ప్రక్కన కూడా ఆ పాఠం మరువకూడదు. అల్లాహ్ మన ఇళ్లలోని రోగులందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.