కట్టడము కూలినచో దోషమెవరిది?

ఎండవానలనుండి తన్ను కాపాడుకొనుటకు మానవుడు ఇల్లు కట్టుకొనును. కాపాడవలసిన ఆ కప్పే నెత్తిపై కూలినచో దోషమెవరిది? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. సుమారు 3,800 సంవత్సరములకు పూర్వము బాబిలోనియాను పాలించిన హమ్మురాబి తన శాసనములందు దీనికి సమాధానము చెప్పెను. గట్టిగా కట్టని ఇల్లు కూలి యజమాని మరణించినచో, కట్టినవానికి మరణదండనము. వస్తువులు నాశమైనచో వాటిని భర్తీచేసి, ఇంటిని తన సొంత ఖర్చుతో తిరిగి కట్టియీయవలెను. ఆ దండనము నేడు క్రూరముగా తోచును. కాని కట్టినవాడు తన పనికి జవాబుదారి యను సూత్రము నేటికిని నిలిచియున్నది.

ఆ కాలమున ఇల్లు కట్టువాడొక్కడే. నేటి పెద్ద కట్టడముల వెనుక యజమాని, ఇంజనీరు, కంట్రాక్టరు, అనుమతినిచ్చు అధికారి మొదలగు పలువురుందురు. పలువురున్నచోట తప్పును ఒకరిపై నొకరు నెట్టుట సులభము. దక్షిణ కొరియా రాజధానియగు సియోల్ నగరమున 1995లో జరిగిన ఘోరము దీనికి నిదర్శనము.

అచ్చట సాంపూంగ్ అను గొప్ప విక్రయశాల యుండెను. మొదట నాలుగంతస్తులకే నమూనా వేసిరి. పని జరుగుచుండగా యజమాని అయిదవ అంతస్తు కావలెనని పట్టుబట్టెను. కంట్రాక్టరు నిరాకరింపగా అతనిని తొలగించి, తన సొంత కంపెనీచేతనే పని పూర్తిచేయించెను. కదలెడు మెట్ల చెంత కొన్ని స్తంభములను చెక్కి సన్నము చేసిరి. ఆ భవనమున శ్లాబుల క్రింద దూలములు లేవు. బరువంతయు నేరుగా స్తంభములపైననే పడుచుండెను. అట్టి స్తంభములపై భోజనశాలలను, బరువైన శీతలీకరణ యంత్రములను చేర్చిరి. 1993లో ఆ యంత్రములను క్రేనుతో నెత్తక, కప్పుమీదనే దొర్లించుకొనిపోయిరి. కప్పు బీటలువారెను.

1995 జూన్ 29వ తేదీ ఉదయమునకు బీటలు మరింత పెరిగెను. పైయంతస్తును మూసిరి. భవనము ప్రమాదస్థితిలో నున్నదని ఇంజనీర్లు హెచ్చరించిరి. అయినను, ఆనాటి అమ్మకములు పోవునని యజమాని విక్రయశాలను మూయింపలేదు. క్రింది అంతస్తులలో కొనువారును అమ్మువారును ఏమియు నెరుగరు. సాయంకాలము పగుళ్ళ చప్పుడు విని సిబ్బంది గంట మ్రోగించునప్పటికి కాలము మించిపోయెను. ఆరు గంటలకు కొలది నిమిషముల ముందు, ఇరువది సెకండ్లు గడువకుండనే భవనములో ఒక భాగమంతయు నేలమట్టమయ్యెను. 502 మంది మరణించిరి. తొమ్మిదివందలమందికి పైగా గాయపడిరి.

భూకంపము రాలేదు, గాలివాన వీచలేదు. ముందుగా తెలిసిన ప్రమాదమును, తప్పింపగలిగియు తప్పింపకుండుటయే నిర్లక్ష్యము. దైవికమైన ఆపదకును దీనికిని గల భేదమిదియే. న్యాయస్థానము యజమానికి పదిన్నర ఏండ్ల కారాగారశిక్ష విధించెను. అప్పీలులో అది ఏడున్నర ఏండ్లకు తగ్గెను. లంచముగొని అక్రమమైన మార్పులకు అనుమతినిచ్చిన అధికారులును శిక్షింపబడిరి.

స్తంభము చెక్కినవాడు యజమాని చెప్పెననవచ్చును. అధికారి కాగితములు సరిగా నున్నవనవచ్చును. కాని తెలిసి చేసిన సంతకమునకును, తెలిసి వహించిన మౌనమునకును ఎవరి బాధ్యత వారిదే. శిక్ష ఎంత పెద్దదైనను పోయిన ప్రాణములను తిరిగి తేజాలదు. సాయంకాలము మ్రోగిన ఆ గంట ఉదయముననే మ్రోగియుండినచో, ఆ 502 మందియు ఆ రాత్రి తమ ఇండ్లకు చేరియుండెడివారు.