పప్పన్నంలో బలం లేదా?

"మేము శాకాహారులం. మా మూడేళ్ళ బాబు ఏపుగా ఎదగడం లేదు. గుడ్డు పెట్టమని అందరూ అంటున్నారు. మా అత్తగారు ససేమిరా వీల్లేదంటున్నారు. ఏం చెయ్యాలి?" ఇలా అడిగే తల్లులు ఎందరో. వారికి నా సలహా ఒకటే. బిడ్డ ఎదగకపోవడానికి కారణాలు అనేకం కనుక ముందు డాక్టరుకు చూపించండి. గుడ్డు పెట్టలేకపోయామని దిగులు పడకండి. అయితే పెట్టే పప్పు సరిగా పెట్టండి.

మాంసకృత్తులు (ప్రొటీన్లు) ఎమినో ఆమ్లాల కూర్పు. వీటిలో తొమ్మిదింటిని మన శరీరం తయారుచేసుకోలేదు. అవి ఆహారం నుంచే రావాలి. గుడ్డు, పాలు, చేపలు, మాంసాలలో ఈ తొమ్మిదీ తగుపాళ్ళలో ఉంటాయి, తేలికగా జీర్ణమవుతాయి. అందుకే అవి మేలురకం.

బియ్యం, గోధుమలలో లైసిన్ తక్కువ. పప్పులలో అది పుష్కలం, కాని మిథియోనిన్ తక్కువ. ఆ లోటును ధాన్యం తీరుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, పొంగలి గొప్పతనం ఇదే! రెండూ ఒకే పూట తినకపోయినా, ఆ రోజులో తింటే చాలు.

మరి లోపం ఎక్కడ? పాళ్ళలో! మూడు వంతుల ధాన్యానికి ఒక వంతు పప్పు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తోంది. మన కంచంలో కొండంత అన్నం, గరిటెడు పలుచని పప్పు! పసివాడికి పప్పుతేట పోసి "పప్పు తిన్నాడు" అనుకుంటాం. తేటలో ఉండేది ఎక్కువగా నీళ్ళే. బలమంతా అడుగున ఉన్న ముద్దలో ఉంది. ఇక అందరి తరువాత తినే ఇల్లాలికి మిగిలేది చారూ, ఊరగాయా!

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మేలురకం మాంసకృత్తులు కావాలి. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. నాణ్యత తగ్గితే ఇంకాస్త ఎక్కువ కావాలి. ఒక గుడ్డులో సుమారు 6, వంద గ్రాముల కందిపప్పులో 22, బియ్యంలో 7 లేక 8, పాలలో 3 గ్రాములుంటాయి.

మాంసాహారులూ ఆదివారం కూరతో వారమంతా గడవదని గుర్తుంచుకోవాలి. శరీరం మాంసకృత్తులను కొవ్వులా నిలవ చేసుకోలేదు. శాకాహారులు పాలు, పెరుగు మానకూడదు. బి12 విటమిన్ పప్పులలో దొరకదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

ఖరీదైన పొడుల డబ్బా కొనేముందు, ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరి కంచంలో ఎంత పప్పు పడుతోందో ఒక్కసారి చూడండి. మీ కంచంతో సహా!