ఛాయాచిత్రము – సంకేతార్థ విచారము

‘కోడ్’ అను ఆంగ్లపదము తెలుగు వ్యవహారమున స్థిరపడినది. దాని అర్థము మాత్రము ఒక్కటి కాదు. న్యాయస్థానమున అది స్మృతి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌ను తెలుగున భారత శిక్షాస్మృతి అనిరి. 2024 జులై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. తంతివార్తలయందు కోడ్ అనగా చుక్కలు, గీతలు. గూఢచారులకు అది గూఢలిపి. గణకయంత్రమునకు సున్నలు, ఒకట్ల వరుస. మూలమైన లాటిన్ శబ్దమునకు మొదట చెట్టుమాను అని అర్థము. మాను నుండి చేసిన పలకలు, పలకలను కట్టిన పుస్తకము, పుస్తకమున కెక్కిన శాసనసంపుటి అని ఆ అర్థము క్రమముగా విస్తరించినది. గ్రంథశబ్దమునందును కూర్చి కట్టుట అను భావమే మూలమగుట ఇచట స్మరింపదగినది.

ఇన్ని అర్థములకును సామాన్యమైన అంశ మొకటి కలదు. ఈ గుర్తు వలన ఈ అర్థము తెలియవలెనను ఏర్పాటే అది. మన శాస్త్రకారులు దీనినే సంకేతమనిరి, సమయమనిరి. ప్రాచీన నైయాయికులు ఇది ఈశ్వరేచ్ఛ యనిరి. నవ్యులు ఇచ్ఛామాత్రమే చాలుననిరి. మీమాంసకులు శబ్దార్థ సంబంధమును నిత్యముగా గ్రహించిరి. మతములు వేరైనను ఒక విషయమున అందరును ఏకీభవింతురు. శబ్దమునకు శక్తి యున్నంత మాత్రమున అర్థము తెలియదు. ఆ శక్తి వినువానికి తెలిసి యుండవలెను.

ఛాయాచిత్రమున ఈ నియమము చెల్లదని తోచును. చెట్టు అను పదమునకును చెట్టునకును పోలిక లేదు. చెట్టు ఛాయాచిత్రమునకు పోలిక కలదు. తెలుగు రానివాడును ఆ చిత్రమును చూచి చెట్టని గుర్తించును. 1839లో డాగేర్ పద్ధతి లోకమునకు వెల్లడియైనపుడు జనులు ఆశ్చర్యపడినది ఇందుకే. వెండిపూత గల రేకుపై వెలుతురే రూపమును నిలిపినది. చిత్రకారుని చేయి అందు లేదు. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1961లో ప్రకటించిన వ్యాసమున వార్తాపత్రికలోని ఛాయాచిత్రమును విచారించుచు, వస్తుసాదృశ్యము మేరకు అది సంకేతము లేని సందేశమని ప్రతిపాదించెను. దీనిని పూర్వపక్షముగా గ్రహింపవచ్చును.

ఈ పక్షమున సత్యాంశము కలదు. ఛాయాచిత్రమునకు వస్తువుతో గల సంబంధము ధూమమునకు అగ్నితో గల సంబంధము వంటిది. పొగ నిప్పు యొక్క కార్యము. చిత్రము వస్తువు నుండి వచ్చిన వెలుతురు యొక్క కార్యము. కావున ‘ఇట్టి వస్తువు కెమెరా యెదుట నుండెను’ అను జ్ఞానము అనుమానము వంటిదే గాని శాబ్దబోధ కాదు. అయితే ఆ అనుమానము వస్తువు ఉండెనని మాత్రమే చెప్పును. అది ఏమి, దాని భావమేమి అను ప్రశ్నలకు వచ్చునప్పటికి సంకేతము మరల ప్రవేశించును. బార్త్ సైతము ఇది యెరిగినవాడే. 1964లో అతడు ఒక ఫ్రెంచి ఆహారసంస్థ ప్రకటనను పరిశీలించెను. అందలి కూరగాయలును, పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగులును ఫ్రెంచివారికి ఇటలీని స్ఫురింపజేయునని చూపెను. ఆలంకారికుల పరిభాషలో ఇది వ్యంగ్యార్థము. చూచువాడెవడో దానిని బట్టి అది కలుగును, కలుగకపోవును.

ఈ విచారము ప్రాచ్యవిద్యారంగమున వారికి కేవల కుతూహలము కాదు. 2003లో కేంద్రప్రభుత్వము వ్రాతప్రతుల కొరకు జాతీయ మిషన్‌ను ప్రారంభించినది. 2025లో జ్ఞానభారతం అను పథకమును ప్రకటించినది. తాళపత్రములకు ఛాయాచిత్రములు తీయు పని విస్తరించుచున్నది. చిత్రము తీసినంతనే గ్రంథము దక్కినదను భావమును దానితో వ్యాపించుచున్నది. ఒక్క ఆకును తీసికొని పరిశీలించిన ఈ భావము ఎంతవరకు నిలుచునో తెలియును.

గంటముతో గీసిన అక్షరములకు మసి పూయనిచో ఎదుటి వెలుతురులో చిత్రము తీసినపుడు గీతలు కనబడవు. ప్రక్కనుండి వెలుతురు పడినచో గాడుల నీడలు తేలి అక్షరములు కనబడును. పురుగు తొలిచిన చిన్న రంధ్రము చిత్రమున సున్నవలె భ్రమ గొలుపవచ్చును. ఆకును చేతబట్టి వెలుగున కెత్తిన వానికి ఈ సందేహము నిలువదు. రంధ్రము గుండ వెలుతురు వచ్చును, గంటపు గీత గుండ రాదు. ఇవి ఛాయాగ్రహణమునకు చెందిన దోషములు.

లిపికి చెందిన సంకేతములు వేరు. పాత ప్రతులలో కర్మ అను పదమును వలపలగిలకతో ‘కమ౯’ అని వ్రాయుదురు. ఆ గుర్తు తెలుగు తొమ్మిది అంకెను పోలియుండును. చిత్రము ఎంత స్పష్టమైనను, ఇది రేఫమా అంకెయా అను నిర్ణయము చిత్రము చేయదు. సంప్రదాయమెరిగిన పాఠకుడు చేయవలెను.

లిపి తెలిసినను కాలనిర్ణయమునకు మరియొక సంకేతము అడ్డుపడును. ఉదాహరణమునకు గ్రంథాంతమున శకసంవత్సరము ‘నేత్ర సాగర రస చంద్ర’ అని యున్నదనుకొందము. నేత్రములు 2, రసములు 6, చంద్రుడు 1. సాగరశబ్దము సాధారణముగా 4, కొన్నియెడల 7. అంకెలను కుడినుండి ఎడమకు పేర్చిన 1642 కావచ్చును, 1672 కావచ్చును. ముప్పది యేండ్ల భేదము. ప్రక్కన శార్వరి అని యున్నచో 1642, అనగా క్రీ.శ. 1720, ప్రమోదూత అని యున్నచో 1672, అనగా క్రీ.శ. 1750. ఒక సంకేతమునందలి సందేహమును మరియొక సంకేతము తీర్చుచున్నది. సంవత్సరనామము గల ఆ అంచు చిత్రములో తెగిపోయినచో నిర్ణయమును తెగిపోయినట్లే.

ఇక నేటి ఛాయాచిత్రము తానే సంకేతరాశి. 1957లో అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థలో రస్సెల్ కిర్ష్ తన పసికుమారుని ఛాయాచిత్రమును గణకయంత్రమున కెక్కించెను. దానిని అడ్డము 176, నిలువు 176, వెరసి 30,976 గడులుగా విభజించి ప్రతిగడిని నలుపుగానో తెలుపుగానో గుర్తించిరి. గడికి ఎనిమిది స్థానములిచ్చినచో 256 ఛాయలు కలుగును. ఎనిమిది అక్షరముల పాదమునకు గురులఘు ప్రస్తారమున వచ్చు భేదములును 256. ఇంతమాత్రమున గణకయంత్రము పింగళుని సృష్టి యనుట సాహసము. గణితము ఒకటియే, ప్రయోజనము వేరు. గ్రహింపదగినది మరియొకటి. ఆ ఎనిమిది స్థానములే ఒక నియమమున రంగు ఛాయ, వేరొక నియమమున అక్షరము, ఇంకొక నియమమున నాదము. ఫిలిమును వెలుగునకు పట్టిన రూపము కొంత కనబడును. గణకయంత్రమందలి చిత్రమునకు ఆ సౌలభ్యము లేదు. దానిని విప్పు నియమము పోయినచో అది చిత్రమే కాదు.

కావున సిద్ధాంతమిది. ఛాయాచిత్రము వస్తువునకు సాక్షి. సాక్షి వాక్యమునకు అర్థము చెప్పునది సంకేతజ్ఞానము. వ్రాతప్రతిని చిత్రించునపుడు ఆకు రెండువైపులను అంచులతో సహా తీయుట, కొలబద్దను ప్రక్కనుంచుట, అక్షరములు తేలనిచోట ప్రక్క వెలుతురున మరల తీయుట, ఆకుల వరుసను, చిత్రములను భద్రపరచిన పద్ధతిని వ్రాసియుంచుట అవశ్యకములు. అంతకంటె ముఖ్యమైనది ఆ ఆకును చదువగల విద్యార్థిని తయారుచేయుట. వలపలగిలకను, భూతసంఖ్యలను, అరువది సంవత్సరముల వరుసను ఎరిగిన పాఠకుడు లేనినాడు లక్షల చిత్రములున్నను అవి మూగసాక్షులే. కెమెరాల కొరకు వెచ్చించు ధనములో కొంత భాగమైనను లిపిపఠన శిక్షణకు కేటాయించుట ప్రాచ్యకళాశాలలు కోరదగిన విషయము. ఆ శిక్షణ నిచ్చుట వాటి కర్తవ్యము.