వైస్ సిటీ ఆటలో అంత ఏముంది?

పరీక్షల కాలంలో మా ఓపీకి వచ్చే తలనొప్పుల్లో కొన్నింటికి కారణం కంటిలోనూ కనబడదు, రక్త పరీక్షలోనూ కనబడదు. తుళ్లూరు వైపు నుండి ఒక తల్లి ఇంటర్ రెండో సంవత్సరం చదివే కుమారుణ్ణి తీసుకొని వచ్చారు. బి.పి. బాగానే ఉంది, చూపు బాగానే ఉంది. "రాత్రి ఎన్నింటికి పడుకుంటావు బాబూ?" అని అడిగితే తల వంచుకున్నాడు. తల్లే చెప్పారు: "మూడింటిదాకా ఆ కార్ల ఆటేనండీ. మొన్న వాళ్ల నాన్న కోపమొచ్చి కంప్యూటరు వైరు కోసేశారు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏం చేసుకుంటాడోనని భయంగా ఉందండీ."

ఆ కార్ల ఆట పేరు గ్రాండ్ తెఫ్ట్ ఆటో. అంటే కారు దొంగతనం అనే అర్థం. మొదట స్కాట్లాండులోని డండీలో తయారైంది. ఇందులో వైస్ సిటీ అనే భాగం 2002లో వెలువడి, 2003లో కంప్యూటర్లకు వచ్చింది. ఆ రోజుల్లో గుంటూరు, విజయవాడ ఇంటర్నెట్ సెంటర్లలో దీన్ని ఆడని కుర్రవాళ్లు తక్కువ. మాలో కొందరం కూడా గంటకు 15 రూపాయలిచ్చి ఆడినవాళ్లమే. 2012 నుండి ఫోనులోకీ వచ్చింది. 2013లో వచ్చిన అయిదవ భాగం ప్రపంచమంతటా 20 కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. కనుక మీ అబ్బాయి ఒక్కడే చెడిపోయాడని అనుకోవద్దు.

వైస్ సిటీ కథ 1986లో, అమెరికాలోని మయామీని పోలిన ఊరిలో జరుగుతుంది. జైలు నుండి వచ్చిన నాయకుడు మత్తుమందుల ముఠాల మధ్య ఎదుగుతాడు. హత్యలున్నాయి, వ్యభిచారం ఉంది, బూతులున్నాయి. యూరపులో 18 ఏళ్లు, అమెరికాలో 17 ఏళ్లు నిండినవారికే అని పెట్టె మీద ముద్ర వేస్తారు. పదేళ్ల పిల్లవానికి ఇది తగదు. ఈ మాటలో మాకు మొహమాటం లేదు.

అయితే పిల్లలను కట్టిపడేసేది నేరమొక్కటే అనుకుంటే పొరపాటు. పక్కన కూర్చొని చూడండి. చాలాసేపు వాడు చేసేది తిరగడమే. కారెక్కి, రేడియో పెట్టుకొని, సముద్రపు ఒడ్డున ఊరికే వెళతాడు. టాక్సీ నడిపి డబ్బు సంపాదిస్తాడు, పిజ్జాలు అందిస్తాడు, అంబులెన్సు ఎక్కి రోగులను ఆసుపత్రికి చేరుస్తాడు. ఫలానాది ఇప్పుడే చెయ్యి అని ఎవరూ చెప్పరు. ఉదయం నుండి రాత్రిదాకా కాలేజీ, స్టడీ అవర్లు, మార్కులు తప్ప మరొకటి లేని పిల్లవానికి ఆ తిరుగుడు ఎంత రుచో ఆలోచించండి. వాళ్ల నాన్నలకు ఆ వయసులో పత్తి చేలు, మిరప కల్లాలు, కృష్ణ ఒడ్డు ఉండేవి. 2015లో రాజధాని కోసం భూసమీకరణలో పొలాలిచ్చిన ఇళ్లలో కుర్రవాళ్లకు సాయంత్రం పొలం వెళ్లే పని కూడా పోయింది.

రెండవది, తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది, వెంటనే తుడిచిపోతుంది. పోలీసు వెంటపడితే తెర మీద నక్షత్రాలు వెలుగుతాయి. మూడింటికి హెలికాప్టరు, ఆరింటికి సైన్యం. షెడ్డులోకి పోయి కారుకు రంగు మార్పిస్తే పోలీసులు వదిలేస్తారు. చనిపోతే కొంత డబ్బు, ఆయుధాలు పోతాయి, క్షణంలో ఆసుపత్రి గుమ్మం ముందు లేచి నిలబడతాడు. ఆస్పిరైన్ అని టైపు చేస్తే చాలు, ఒంట్లో శక్తి నిండిపోతుంది! హెల్మెట్ లేక తల పగిలి వచ్చినవారిని చూసే మాకు ఈ ఆసుపత్రిని చూస్తే నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది.

ఈ ఆట ఆడితే హంతకులవుతారా అని చాలామంది అడుగుతారు. అమెరికా మనస్తత్వవేత్తల సంఘం 2020లో చెప్పినదేమంటే, హింస ఉన్న ఆటలకూ అరవడం, తోయడం వంటి దురుసుతనానికీ స్వల్ప సంబంధం కనబడుతోంది గాని, నిజమైన హింసకు ఇవే కారణమనడానికి చాలినంత ఆధారం లేదు. మాకు ఎక్కువగా కనబడే నష్టం నిద్రది. 13 నుండి 18 ఏళ్ల పిల్లలకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. నాలుగు గంటలే పడుకున్నవానికి తలనొప్పి, చిరాకు, మరుపు రాక ఏమవుతుంది?

ఆట వేరు, జబ్బు వేరు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, చదువు, స్నేహితుల కన్నా ఆటే ముందు కావడం, నష్టం కనబడుతున్నా సాగించడం, ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉంటే దానిని గేమింగ్ డిజార్డర్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితాలో ఇది చేరింది. ఎక్కువమంది పిల్లలు ఈ గీతకు ఇవతలే ఉన్నారు.

తల్లులకు ఒక చిన్న సంగతి. "ఒక్క నిమిషం అమ్మా, సేవ్ చేసి వస్తా" అనేది ప్రతిసారీ అబద్ధం కాదు. కంప్యూటరులోని పాత వైస్ సిటీలో పని మధ్యలో సేవ్ కాదు, తన ఇంటికి చేరుకుంటేనే అవుతుంది. అన్నానికి 15 నిమిషాల ముందే చెప్పండి. తీగ పీకేస్తే రెండు గంటల కష్టం పోయి, ఆ కోపం మీ మీదికి వస్తుంది. కంప్యూటరును గదిలో నుండి హాలులోకి మార్చండి. రాత్రి ఫోను మీ దగ్గర పెట్టుకోండి. చచ్చిపోతానని పిల్లవాడు అంటే బెదిరింపు అని కొట్టిపారేయవద్దు. ఒంటరిగా వదలక వెంటనే వైద్యుని వద్దకు తీసుకొని రండి, లేదా ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఆ అబ్బాయిని కూడా ఆ మాట మేము సూటిగానే అడిగాము. అలాంటి ఆలోచన లేదన్నాడు. వారం తరువాత తండ్రిని కూడా రమ్మన్నాము. వైరు కొత్తది వేయించి, పదింటికి ఆపేలా ఒప్పందం చేసుకున్నారు. నెల తరువాత వచ్చినప్పుడు తలనొప్పి చాలావరకు తగ్గిందన్నాడు. తండ్రి ఒక రాత్రి పక్కన కూర్చొని చూశారట. కారు సముద్రంలో పడి నాయకుడు మునిగి చనిపోయాడు. ఆ ఆటలో వాడికి ఈత రాదు. "ఇంత రౌడీకి ఈత రాదేంట్రా!" అని కృష్ణలో ఈత నేర్చిన ఆ పెద్దాయన నవ్వారట. తరువాతి ఆదివారం కొడుకును ఏటికి తీసుకువెళ్లారు.