రివర్సు వేయగానే ‘టక్’మంటే

సినిమా షూటింగ్ ఉన్న రోజు తెల్లవారకముందే హైదరాబాద్ కృష్ణానగర్ సందుల్లోంచి సామాను బండ్లు యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు వైపు కదులుతాయి. కాసేపటికి కూరగాయల టాటా ఏస్‌లు, బొలెరోలు, స్కూలు పిల్లల ఈకోలు వాటికి తోడవుతాయి. ఈ బండ్లలో ఇంజను ముందుంటుంది, లాగేవి వెనక చక్రాలు. ఆ రెంటినీ కలిపే గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. రివర్సు వేయగానే అడుగున ‘టక్’మంటే గేర్‌బాక్సు పోయిందని చాలామంది హడలిపోతారు. గేర్‌బాక్సు విప్పించే ముందు, షాఫ్టు చివర్లలో ఉండే క్రాసులను చూపించండి.

బండి గుంతలో పడి లేచినప్పుడల్లా వెనక ఇరుసు పైకీ కిందికీ ఆడుతుంది, గేర్‌బాక్సు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. మధ్యన వంగని కడ్డీ పెడితే కుదరదు. అందుకే రెండు చివర్లా కీళ్లు. ఒక్కో కీలులో కూడిక గుర్తులాంటి ఉక్కు ముక్క (అదే క్రాసు), దాని నాలుగు కొనలకూ కప్పులు, కప్పుల్లో సూదుల్లాంటి సన్నని రోలర్లు ఉంటాయి. అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ 1904లో మోటారు కార్ల కోసం ఇలాంటి కీళ్ల తయారీ మొదలుపెట్టాడు. ఇప్పటికీ మూల అమరిక అదే.

ఈ కీలుకు ఒక విచిత్రమైన గుణముంది. వంగి తిరిగేటప్పుడు ఇటువైపు వేగం నిలకడగా ఉన్నా, అటువైపు వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో కీలు ఆ హెచ్చుతగ్గుల్ని సరిచేస్తుంది, అయితే షాఫ్టు రెండు చివరల ఫోర్కులూ (క్రాసును పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు) ఒకే వరసలో ఉన్నప్పుడే. షాఫ్టులో జారే ముక్కను ఊడదీసి వరస తప్పించి బిగిస్తే, కొత్త క్రాసులు వేసినా బండి వణుకుతుంది. విప్పకముందే పెయింటుతో గుర్తు పెట్టించడం అందుకే. ఈ చిన్న పని మరచిపోయి, ఆ వణుకు ఎక్కడిదో తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

క్రాసు అరగడానికి అసలు కారణం గ్రీజు లేకపోవడం. వానొస్తే కృష్ణానగర్‌లో మోకాటిలోతు నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలో నడిచిన బండిలో అరిగిన సీలు దాటి తడి లోపలికి చేరుతుంది. మెల్లగా పోతున్నప్పుడు పిట్ట అరిచినట్టు కీచుమనడం, కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి కనబడడం దాని తొలి గుర్తులు. గ్రీజు నిపిల్ ఉన్న రకమైతే నాలుగు కప్పుల్లోంచీ కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టించాలి.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. చదునైన చోట ఇంజను ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి షాఫ్టును కీలు పక్కన పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. క్రాసు దగ్గర ఏమాత్రం కదలిక ఉన్నా మార్చాల్సిందే. షాఫ్టు మొత్తం కొద్దిగా తిరిగితే అది డిఫరెన్షియల్ పళ్ల సందు, దానికి కంగారు పడొద్దు. క్రాసు మార్చడానికి షాఫ్టు విప్పేటప్పుడూ రాళ్లు మాత్రం తీయొద్దు. షాఫ్టు ఊడదీశాక గేరులో ఉన్నా ఇంజను బండిని ఆపలేదు.

ఒక్క కప్పు మార్చి సరిపెట్టనివ్వకండి, క్రాసు మొత్తం కొత్తది వేయించండి. ఫోర్కు కన్నం సాగిపోయి ఉంటే కొత్త క్రాసూ నిలవదు, ఫోర్కు కూడా మార్చాలి. తీసిన పాత ముక్కను తుడిచి చేతికిమ్మని అడగండి. దాని కొనల మీద గోటితో గీరితే, సూది రోలర్లు తొలిచిన గాట్లు ఒక్కొక్కటీ తగులుతాయి.