డాబా మీద మోడల్ ట్రైన్: మే ఎండ, అక్టోబర్ వాన నుంచి ఎలా కాపాడుకోవాలి?

ఫోన్‌కి కేస్ వేస్తాం, టెంపర్డ్ గ్లాస్ అతికిస్తాం, ఐపీ68 ఉందో లేదో చూసి మరీ కొంటాం. కానీ మోడల్ ట్రైన్ సెట్‌ని మాత్రం అట్టపెట్టెలో పెట్టి మంచం కిందకి తోసేస్తాం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ లాంటి ఏరియాల్లో ఇదెందుకు రిస్కో, తక్కువ ఖర్చుతో ఏం చేయొచ్చో చూద్దాం.

ఏ ట్రైన్ గురించి?

టేబుల్ మీద తిరిగే చిన్న సెట్ల గురించి కాదు. ఆరుబయట నడపడానికే చేసిన జీ స్కేల్ ట్రైన్ల గురించి. జర్మన్ బ్రాండ్ ఎల్‌జీబీ 1968లో వీటిని తెచ్చింది. 2007లో ఆ బ్రాండ్‌ని మార్క్‌లిన్ కొనేసింది. పట్టాల మధ్య దూరం 45 మి.మీ., స్కేల్ 1:22.5. ఈ రెండూ గుణిస్తే దాదాపు ఒక మీటర్ వస్తుంది. అంటే ఒకప్పుడు మన కాచిగూడ నుంచి నడిచిన మీటర్ గేజ్ రైళ్ళ లెక్కే!

మా బాబాయ్ జర్మనీలో పనిచేసి వచ్చేటప్పుడు ఇలాంటి సెట్ ఒకటి తెచ్చుకున్నారు. వాళ్ళ ఇల్లు సరూర్‌నగర్ చెరువుకి దిగువన ఉంటుంది. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా వాన పడ్డ రోజు గుర్తుందిగా? ఆ రాత్రి నీళ్ళు గ్రౌండ్ ఫ్లోర్‌లోకి వచ్చేశాయి. అటక మీదున్న బోగీలకి ఏమీ కాలేదు. మంచం కిందున్న ఇంజన్, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం బురదలో దొరికాయి. "నువ్వు బీటెక్ చేస్తున్నావు కదరా, ఏమైనా అవుతుందేమో చూడు" అని మొత్తం నాకిచ్చేశారు. ట్రాన్స్‌ఫార్మర్ దక్కలేదు. ఇంజన్ దక్కింది. ఇప్పుడది ఎల్‌బీ నగర్‌లో మా డాబా మీద తిరుగుతోంది.

కింద పెట్టాలా, పైన పెట్టాలా?

మన ఏరియాలో అసలు ప్రశ్న ఇదే. గ్రౌండ్ ఫ్లోర్, స్టిల్ట్ పార్కింగ్ పక్కనుండే స్టోర్ రూమ్ వరద నీటికి మొదటి టార్గెట్. "ఐపీ67 బాక్స్ కొంటే సరిపోదా?" అనొచ్చు. ఐపీ67 అంటే ఒక మీటర్ లోతు నీళ్ళలో 30 నిమిషాలు ఆగుతుందని. కోదండరామ్‌నగర్‌లో నీళ్ళు నిలిచింది 30 నిమిషాలు కాదు, రోజులు.

మరి డాబా మీద రేకుల గది? అక్కడ వరద భయం లేదు కానీ మే నెలలో అది ఓవెన్. బయటే 40 డిగ్రీలు దాటితే రేకుల కింద ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. గ్రీజు కరిగి కారుతుంది, స్టిక్కర్లు ఊడతాయి, ప్లాస్టిక్ వంకర పోతుంది.

నా ఓటు అటకకే. మొదటి అంతస్తు లేదా ఆపైన, స్లాబ్ ఉన్న గదిలో, బాత్రూమ్ గోడకి ఆనుకోని అటక. పట్టాలు బయటే ఉండొచ్చు, ట్రైన్ మాత్రం ప్రతిసారీ లోపలికి రావాల్సిందే.

బాక్స్‌లో ఏం పెట్టాలి?

మూతకి రబ్బరు గ్యాస్కెట్, పక్కన క్లిప్పులు ఉన్న 50 లీటర్ల ప్లాస్టిక్ బాక్స్ చాలు. వానాకాలంలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు మూత పెడితే, లోపలి గాల్లో సుమారు 1.2 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. రాత్రి బాక్స్ 20 డిగ్రీలకి చల్లబడితే ఆ గాలి 0.9 గ్రాములకి మించి పట్టలేదు. మిగిలినది చెమటలా ఇంజన్ మీద, చక్రాల మీద పడుతుంది. 50 గ్రాముల సిలికా జెల్ వేస్తే ఈ సమస్య తీరుతుంది. రంగు మారేది తీసుకోండి. రంగు మారాక 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో వేడి చేస్తే మళ్ళీ వాడొచ్చు. బియ్యం మాత్రం వద్దు, పిండి, పురుగులు తప్ప లాభం లేదు.

ఇంకో మాట. ఇంట్లో అమ్మవాళ్ళు బీరువాలో వేసినట్టు కలరా ఉండలు వేయకండి. నాఫ్తలీన్ ఆవిరికి పాలీస్టైరిన్ లాంటి ప్లాస్టిక్ మెత్తబడి పాడవుతుంది.

మనం ఎలాగూ టెక్ బ్యాచ్ కాబట్టి, కోఠి గుజరాతీ గల్లీలో ఈఎస్‌పీ32 బోర్డు, తేమ సెన్సర్ కొని బాక్స్‌లో పెట్టొచ్చు. తేమ 50 శాతం దాటగానే ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా కోడ్ రాయడం వీకెండ్ పని.

ఎండలో పట్టాలు

ఎల్‌జీబీ పట్టాలు ఇత్తడివి. తుప్పు పట్టవు కానీ నల్లబడతాయి, అప్పుడు కరెంట్ సరిగ్గా అందదు. నడిపే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి.

అసలు తలనొప్పి వ్యాకోచం. డిసెంబర్ రాత్రి 15 డిగ్రీలు, మే మధ్యాహ్నం ఎండలో పట్టా 60 డిగ్రీలు అనుకుంటే, 10 మీటర్ల ఇత్తడి పట్టా దాదాపు 8.5 మి.మీ. సాగుతుంది. గ్యాప్ లేకపోతే లైన్ మొత్తం పాములా మెలికలు తిరుగుతుంది. చలికాలంలో 1.2 మీటర్ల ముక్కలు కలుపుతుంటే, జాయింట్ దగ్గర ఏటీఎం కార్డు మందం కంటే కొంచెం ఎక్కువ ఖాళీ వదలండి. స్లాబ్‌కి డ్రిల్ వేసి బిగించకండి. పట్టా సాగడానికి చోటుండదు, పైగా కింది ఫ్లోర్‌లో లీకేజీ మొదలవుతుంది.

కరెంట్, బ్యాటరీ

230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ గది లోపలే ఉండాలి. బయటకి వెళ్ళాల్సింది తక్కువ వోల్టేజ్ వైర్ మాత్రమే. రిమోట్ కంట్రోల్‌కి మార్చిన ఇంజన్ అయితే లిథియం బ్యాటరీని బయటకి తీసి, 40 నుంచి 50 శాతం ఛార్జ్‌తో, చల్లటి చోట విడిగా పెట్టండి. ఫుల్ ఛార్జ్ చేసి ఎండలో వదిలేస్తే ఫోన్ బ్యాటరీకి పట్టే గతే దీనికీ పడుతుంది.

ఒకవేళ తడిస్తే?

"పనిచేస్తుందా?" అని కరెంట్ ఇచ్చి చూడకండి. ముందు విప్పి, మంచినీళ్ళతో బురద కడిగి, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి, నీడలో ఫ్యాన్ కింద కొన్ని రోజులు ఆరనివ్వండి. ప్లాస్టిక్‌కి హాని చేయని గ్రీజు కొత్తగా పెట్టాకే తక్కువ వోల్టేజ్‌తో మొదలుపెట్టాలి. బాబాయ్ ఇంజన్ బతికింది ఇలాగే.

వెర్డిక్ట్

బడ్జెట్ తక్కువైతే ఆర్డర్ ఇది: ముందు ఎత్తైన చోటు, అది ఫ్రీ. తర్వాత గ్యాస్కెట్ బాక్స్, ఆపైన సిలికా జెల్. సెన్సర్ చివర్లో, అది మన సరదా. కొత్త ఇంజన్ మీద వేలు పెట్టే ముందు ఈ మూడింటి మీద వందలు పెట్టండి. వచ్చే జూన్‌లో తొలి వాన పడకముందే ఒకసారి మంచం కింద ఏముందో చూసుకోండి.