ఇటుకలలో మిగిలిన రేవు పేట

రాకపోకల సౌకర్యం ఉన్న చోటనే జననివాసాలు వృద్ధి చెందుతాయి. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకాలలో అమెరికాలోని బోస్టన్ నగరం చుట్టూ ట్రాము మార్గాల వెంబడి కొత్త పేటలు వెలిశాయి. మద్రాసు పేటల మధ్య విద్యుత్ ట్రాములు 1895 నుండి 1953 వరకు నడిచాయి. రెండు వేల సంవత్సరాల పూర్వం ఇదే పనిని నదీముఖాలు, ఓడలు నిర్వర్తించేవి. అట్లు పెరిగిన రేవు పేట ఒకటి పుదుచ్చేరికి దక్షిణాన, వీరాంపట్టినం అనే మత్స్యకారుల పల్లె చేరువన ఉన్నది. దాని పేరు అరికమేడు.

అరియాంకుప్పం నది సముద్రాన్ని చేరబోయే చోట, నది గట్టున ఈ దిబ్బ ఉన్నది. పెద్ద అలల తాకిడి లేని ఆ నీటిలో పడవలు నిలువగలిగేవి. సరకు నేరుగా ఒడ్డుకు చేరేది.

శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటే దృశ్యాన్ని 1769లో పరిశీలించడానికి లె జాంతీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పుదుచ్చేరికి వచ్చాడు. ఆనాడు మబ్బులు కమ్మి ఆయన ఆశ నెరవేరలేదు. అయితే వీరాంపట్టినం వాసులు నది గట్టున బయటపడిన పెద్ద పెద్ద పాత ఇటుకలను తీసుకొనిపోవడం ఆయన గమనించి, ఆ విషయాన్ని గ్రంథస్థం చేశాడు. తరువాతి కాలంలో ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రేయ్ ఈ స్థలంలో దొరికిన పూసలు, రత్నాలు, పెంకులు సేకరించాడు.

1945లో భారత పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. ఉత్తర భాగంలో దాదాపు నూట యాభై అడుగుల పొడవు గల ఇటుక కట్టడపు పునాదులు కనిపించాయి. అది సరకులు నిలువచేసే గిడ్డంగి అని ఆయన తలచాడు. దక్షిణ భాగంలో ప్రహరీలు గల ఆవరణలు, ఇటుక తొట్లు, నీటి కాలువలు వెలువడ్డాయి. సన్నని వస్త్రాలకు అక్కడ రంగులు అద్దేవారని ఆయన ఊహ. ఇటలీలోని అరెజ్జో నగరపు ఎర్రని మట్టిపాత్రల పెంకులు కూడ దొరికాయి. వాటి తయారీ కాలం ముందే తెలిసినది కనుక, వాటితో కలిసి దొరికిన దేశీయ పాత్రల కాలాన్ని లెక్కకట్టడం సాధ్యమైనది. ఆ ఆధారమే అమరావతి వంటి ఆంధ్ర క్షేత్రాల కాలనిర్ణయానికీ తోడ్పడింది.

వీలర్ దృష్టిలో ఇది ప్రధానంగా రోము వర్తకంతో ఏర్పడిన స్థావరం. 1989-92 మధ్య విమలా బెగ్లీ నాయకత్వాన జరిగిన తవ్వకాలు ఆ అభిప్రాయాన్ని సవరించాయి. రోమను సరకు రాకముందే ఇక్కడ స్థానికుల జనావాసం ఉన్నదని, క్రీస్తు పూర్వం రెండవ శతాబ్ది నాటికే అది నెలకొన్నదని తేలినది. గాజుపూసల తయారీ ఇక్కడి ప్రసిద్ధమైన పనితనం.

నేడు సందర్శకునికి కంటికి కనిపించేవి పదునెనిమిదవ శతాబ్దపు క్రైస్తవ మిషను కట్టడపు శిథిలాలే. తవ్విన గోతులు తిరిగి పూడ్చబడినాయి. దొరికిన వస్తువులు కొన్ని పుదుచ్చేరి మ్యూజియంలో ఉన్నాయి. ఒకవైపు నది గట్టును కోస్తున్నది. నాడు గ్రామస్థులు మోసుకొనిపోయిన ఇటుకలు ఏ గోడలలో కలిసిపోయినవో ఎవ్వరూ చెప్పలేరు. మిగిలినవి మట్టి క్రింద ఉన్నంతవరకే భద్రం. ఆ మట్టిని కాపాడుకొనడమే ఇప్పుడు చేయవలసిన మొదటి పని.